ఖాళీ అని రాసిన మైదానం

ఉదయం ఐదు గంటల యాభై రెండు నిమిషాలకు ఎవరో మా మైదానం ఫొటో తీశారు. ఆ టైము ఫొటో కింది మూలన అచ్చుపడి ఉంది. పక్కనే తేదీ, అక్షాంశ రేఖాంశాలు ఉన్నాయి. మనుషులు లేరు. ఎండాకాలం కాబట్టి అప్పటికే వెలుగు వచ్చేసింది. మట్టి, దాని అవతల ఇళ్ల వెనక గోడలు, ఒక గోడ మీద ఆరేసిన దుప్పటి, అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. ఫొటో కింద ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. తెలుగులో చెప్పాలంటే, వినియోగంలో లేని మున్సిపల్ ఖాళీ స్థలం.

ఆ ఫొటో అబద్ధం కాదు. ఈ మాట మొదటే చెప్పాలి. ఎందుకంటే ఈ సంగతి విన్నవాళ్లలో సగం మంది అధికారులు మోసం చేశారనుకుంటారు. వాళ్లు మోసం చేయలేదు. సరిగ్గా ఆడే వేళకే వచ్చారు. ఆ రోజు అక్కడ ఎవరూ ఆడలేదు. ఆడొద్దని చెప్పింది నేను.

కరీంనగర్‌లో మేముండే వాడ వెనక, ఒక కాలేజీ ప్రహరీకీ ఒక ఆస్పత్రి ప్రహరీకీ మధ్య మిగిలిపోయిన జాగా అది. గేటు లేదు. బోర్డు లేదు. ఆటోవాళ్లు ఖోఖో గ్రౌండ్ అంటారు. బస్టాండులో ఆటో ఎక్కి ఆ మాట చెబితే నేరుగా అక్కడే దింపుతారు. మున్సిపాలిటీ కాగితాల్లో మాత్రం దానికి ఒక సర్వే నంబరు తప్ప ఏమీ లేదు.

అక్కడ మా అక్క ఆడపిల్లలకు ఖోఖో నేర్పేది. సర్కారు బడిలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా ఉన్నన్నాళ్లూ తన బడి పిల్లలను తెచ్చేది. రిటైరయ్యాక, వచ్చిన ప్రతి పిల్లకూ నేర్పింది. ఇళ్లలో పనిచేసే వాళ్ల పిల్లలు, గ్రానైట్ కోత మిల్లుల్లో పనిచేసే వాళ్ల పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునే మరమగ్గాల కుటుంబాల పిల్లలు వచ్చేవారు. పేరు రాయించుకోవడం లేదు, ఫీజు లేదు. హాజరు పుస్తకం కూడా లేదు. పిల్లలు తూర్పు వైపు చెప్పులు వరసగా విడిచి లోపలికి వచ్చేవాళ్లు. అక్క ఆ వరస మీద ఒకసారి చూపు తిప్పి, "నీలం హవాయి చెప్పులు రాలే. జ్వరమా?" అని అడిగేది. ఆమె హాజరు అంతే.

నేను గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. నా జీవితమంతా రిజిస్టర్లే. నా భర్త పోయాక అక్క దగ్గరికి వచ్చి ఉన్నాను. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఒక పుస్తకంలో పేర్లు రాసిపెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పానో. "పుస్తకంల పేరుంటె పిల్ల రాదు. చెప్పులుంటె పిల్ల వచ్చినట్టు" అనేది. ఆ విషయంలో నేను ఆమెను గెలవలేదు.

ఆ జాగా మొదట తుమ్మచెట్లతో, పగిలిన సీసాలతో ఉండేది. ఒక చలికాలమంతా ఆదివారాలు అక్కా పిల్లలూ గాజు ముక్కలు ఏరారు. ఈ పని ఆమెకు కొత్త కాదు. ఆమె మొదటి ఉద్యోగం ఆదిలాబాద్ జిల్లా బోథ్‌లో. అక్కడి బడి వెనక నల్లరేగడి నేల. ఎండాకాలం పాదం ఇరుక్కునేంత పగుళ్లు. వానాకాలం అడుగు తీసి అడుగు వేయలేనంత జిగురు. గుట్ట దగ్గరి నుంచి ఎర్ర మొరం తట్టల్లో మోసి, పిల్లలతో కలిసి ఆమె అక్కడ ఒక ఖోఖో కోర్టు పరిచింది. మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడే ఆ పిల్లలు ఆమెను బాయి అని పిలిచేవాళ్లు, అంటే పంతులమ్మ. మేము నస్పూర్‌లో బొగ్గుబాయి క్వార్టర్లలో పుట్టి పెరిగినవాళ్లం. మాకు బాయి అంటే మా నాన్న, బాపు, దిగే గని. "బాయికి దూరంగ పోదామని నౌకరి దెచ్చుకుంటె, ఈడ నన్నే బాయి అంటున్నరే" అని మొదటి సెలవుల్లో ఇంటికి వచ్చి నవ్వింది. మమ్మల్ని కన్న అవ్వ నవ్వలేదు. దూరంగా పోయిన పిల్ల చిక్కిపోయిందని ఆమె దిగులు.

అక్క ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకుంది. లేవలేదు. ఆస్పత్రి గోడ మా మైదానం గోడే అయినా తీసుకుపోయే పని పడలేదు.

మర్నాడు పేపర్లో వార్త వచ్చింది. క్రీడాలోకానికి తీరని లోటు అని రాశారు. వాడలో ఫ్లెక్సీ కట్టారు. అందులో అక్క పట్టుచీరలో ఉంది. ఆ చీర ఆమె ఒక్కసారే కట్టింది, అదీ నా పోరు పడలేక. చదవడం నా పని కాబట్టి ఇలాంటి మాటలు నా కంటికి తగులుతాయి. తీరని లోటు అని రాసినవాళ్లకు ఆ లోటు ఏమిటో తెలియదు. నాకు తెలుసు. పొద్దున ఐదింటికి వంటింట్లో గ్లాసు చప్పుడు కావడం లేదు.

దహనం అయిన సాయంత్రం పిల్లలు మా ఇంటి ముందుకు వచ్చి నిలబడ్డారు. అందరిలో పెద్దది డిగ్రీ చదివే పిల్ల. తల్లిదండ్రులు సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తారు. ఆ పిల్ల నన్ను చిన్న మేడం అని పిలుస్తుంది. నేను ఎవరికీ ఏమీ నేర్పలేదు, అక్క పెద్ద మేడం కాబట్టి నేను చిన్న మేడం.

"చిన్న మేడం, రేపు గ్రౌండుకు రావాల్నా?" అంది.

"వద్దు బిడ్డా" అన్నాను. "పదకొండు దినాలు ఎవ్వరు ఆడొద్దు. ఆ మన్నుల ఎవ్వరు అడుగువెట్టొద్దు."

"వేరే వాడోళ్లొచ్చి ఆడితెనో?"

దానికి ఉపాయం ఆ పిల్లలు తామే ఆలోచించుకున్నారు. చీకటి పడకముందే పోయి, కోర్టుకు రెండు కొసలా పాతిన కట్టె స్తంభాలు పీకి, మోసుకొచ్చి మా వరండాలో గోడకు ఆనించారు. పెద్ద మేడం దినాలు అయ్యేదాకా ఇంకెవరూ ఆడకూడదని. నాకు కళ్లు తడిశాయి. ఇంత మర్యాద నేర్పిందా అక్క అనుకున్నాను.

మూడో రోజు పొద్దున మేము పిట్టకు, అంటే కాకికి, పెట్టడానికి అన్నం వండుతున్నాం. అదే పొద్దున ఐదూ యాభై రెండుకు ఫొటో తీశారు.

ఆరో రోజు పేపర్లో ప్రకటన చూశాను. నాకు పేపరు చివరి పేజీలోని సర్కారు ప్రకటనలు కూడా చదివే అలవాటు ఉంది. నగరంలో కొత్తగా ఇండోర్ స్టేడియం, బహిరంగ రంగస్థలం, తినుబండారాల అంగళ్లు, వాహనాలు నిలిపే చోటు, అన్నీ ఒకే ప్రాంగణంలో కట్టబోతున్నారు. నిధులు మంజూరయ్యాయి. అభ్యంతరాలుంటే తెలపాలి. చివర సర్వే నంబరు. ఇంట్లో చుట్టాలు నిండుగా ఉన్నారు. నేను ఆ నంబరును మూడుసార్లు చదివాను.

ఏడో రోజు మున్సిపల్ ఆఫీసుకు పోయాను. దినాలు కాకుండా ఆడమనిషి గడప దాటి ఆఫీసుకు పోవడం ఏమిటని ఇంట్లో అందరూ అడిగారు. మార్కెట్‌కు కాదు కదా అన్నాను. అది సరైన జవాబు కాదని నాకూ తెలుసు.

ఇంజినీరు నడివయసు మనిషి. కూర్చోమన్నాడు, నీళ్లు తెప్పించాడు. కంప్యూటరు నా వైపు తిప్పాడు.

"గిది చూడుండ్రి మేడం. మీరు ఏ టైముకు ఆడుతరంటున్నరు?"

"ఐదున్నర నుంచి ఏడు దాకా."

"మేము ఐదూ యాభైకి వోయినం. మల్ల ఎవలన్న అడుగుతరనే పొద్దుగాల వోయినం. ఇందుల మనిషి ఉన్నడా?"

"లేడు."

"స్తంభాలు ఉన్నయా?"

"లేవు."

"మరి?"

"మా అక్క చనిపోయింది. అందుకే ఎవ్వరు రాలే."

"అయ్యో. నాకు తెల్వది మేడం" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. ఆ తర్వాత తన పనిలోకి వచ్చాడు. "కని చావును రికార్డుల ఎట్ల రాస్తం? ఆడుతున్నట్టు ఏమన్న కాయితం ఉందా? హాజరు రిజిస్టరు?"

"రిజిస్టరు లేదు. చెప్పులు చూసేది."

"చెప్పులా?"

నేను చెప్పాను. అతను నవ్వు ఆపుకున్నాడు. "చెప్పులను ఫైల్ల పెట్టలేం గద మేడం" అన్నాడు.

తిరిగి వస్తూ ఆటోలో కూర్చుని లెక్క చూసుకున్నాను. పిల్లలు ఎప్పటిలాగే ఆడి ఉంటే ఆ ఫొటోలో వాళ్లు ఉండేవాళ్లు. స్తంభాలు ఉండేవి, చెప్పుల వరస ఉండేది. అక్క ఇన్నేళ్లు నిలబెట్టిన దాన్ని నేను మూడు రోజుల్లో ఖాళీ చేసి ఇచ్చాను. వాళ్లు నా దగ్గర ఏమీ గుంజుకోలేదు. నేనే ఊడ్చి అప్పజెప్పాను, అదీ మర్యాద పేరు మీద.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. బాపు పోయినప్పుడు అక్క నాలుగో రోజున తన బడి జట్టును తీసుకుని మంచిర్యాలకు మ్యాచ్ ఆడించడానికి పోయింది. నస్పూర్ క్వార్టర్ నిండా చుట్టాలు. అందరూ తిట్టారు. అందరికన్నా ఎక్కువ నేనే తిట్టాను. "నీకు ఆట మీద ఉన్న పాయిరం బాపు మీద లేదా?" అన్నాను. అక్క బ్యాగు భుజాన వేసుకుంటూ చెప్పింది. "బాయిల మనిషి పోతె బాపు మల్ల దిగలేదా? ఏడ్చుకుంటనే దిగిండు. సోపతిగాండ్ల పేర్లు జెప్పుకుంటనే దిగిండు." నేను వినలేదు. ఏడాది పైగా ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ మాటకు అర్థం అంత కాలం తర్వాత, ఆటోలో, ఎండలో తెలిసింది. నా తప్పు ఒప్పుకుందామంటే ఆమె లేదు.

ఎనిమిదో రోజు పొద్దున ఐదింటికి ఆ పెద్ద పిల్లకు ఫోను చేశాను. వచ్చింది. ఇద్దరం స్తంభాలకు చెరో కొస పట్టుకున్నాం. బాపు చెల్లెలు, మా చిన్నత్త, నస్పూర్ నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంది. వాకిట్లో అడ్డంగా నిలబడింది.

"ఏమే, ఏడికి తీస్కపోతున్నవే గా కట్టెలు?"

"గ్రౌండుకు అత్తా."

"పదకొండు గాలే. ఇంక మూడు దినాలున్నయి. పిట్టకు వెట్టిన మెతుకులన్న ఆరనియ్యవా?"

"ఆరినయి అత్తా."

"బంద్ వెట్టింది నువ్వేనాయె, తీసేది నువ్వేనాయె. నీ ఇష్టమొచ్చినట్టేనా? పోయినోళ్లకు మర్యాద ఉండదా?"

"నేనే బంద్ పెట్టిన. తప్పు జేసిన. జర పక్కకు జరుగు."

అత్త జరగలేదు. మేము ఆమెను చుట్టి పోయాం. వెనక నుంచి ఇంకా ఏదో అంటూనే ఉంది. అక్కను కూడా కలిపి తిట్టింది. "ఇద్దరు ఇద్దరే, అయ్య లెక్కనే మొండి కట్టెలు" అంది. ఆ ఎనిమిది రోజుల్లో అక్క గురించి నేను విన్న మాటల్లో నిజమైనది అదొక్కటే.

ఆ పొద్దు ఆట బాగా సాగలేదు. ఖోఖోలో వరసలో ఎనిమిది మంది కూర్చుంటారు, తొమ్మిదో మనిషి తరుముతుంది. కూర్చున్నవాళ్లలో ఒకరి వీపు తట్టి ఖో అంటే వాళ్లు లేచి తరమాలి. ఆ ఖో ఎవరి గొంతులోనూ పలకలేదు. పెద్ద పిల్లకు కోపం వచ్చింది. "ఏందే, సావింట్ల ముచ్చట వెట్టినట్టు ఖో అంటరా? గట్టిగ అనుర్రి!" అని అరిచింది. ఏమన్నదో తనకే తెలిసి నాలుక కరుచుకుని నా వైపు చూసింది. నేను నవ్వాను. అప్పుడు వాళ్లూ నవ్వారు. ఆ తర్వాత ఆస్పత్రి కిటికీలు తెరుచుకునేంత గట్టిగా అరిచారు.

అభ్యంతరం రాశాను. మొదట మూడు పేజీలు వచ్చింది. అందులో అక్క గుణగణాలు తీసేస్తే ఒక పేజీ మిగిలింది. ఆఫీసులో గుమస్తా ఇంగ్లీషులో ఇస్తే మంచిదన్నాడు. మీ ప్రకటన తెలుగులోనే వచ్చింది కదా అన్నాను. ముద్ర వేసి ఇచ్చాడు.

దినాలు అయిన వారానికి మా వార్డు కార్పొరేటర్ ఇంటికి వచ్చాడు. మర్యాదగా కూర్చున్నాడు. అక్క ఫొటోకు దండం పెట్టాడు. చెడ్డ మనిషి కాదు. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్ ఆలస్యమైతే తనే వెంట వచ్చేవాడు.

"మేడం, మేమంత మాట్లాడుకున్నం" అన్నాడు. "హాలుకు పెద్ద మేడం పేరే పెడ్తం. ముంగటనే గ్రానైట్ పలక. మన కరీంనగర్ రాయే. పేరు బంగారు రంగుల."

"వద్దు."

"వద్దా? ఎందుకు వద్దు?"

"ఆమె పేరు రాసుకునే మనిషి గాదు."

"సరే, మరి మీకు ఏం గావాలె?"

"మన్ను గావాలె. ఆ కోర్టు ఉన్న జాగ, దాని చుట్టు ఉరికే జాగ. గోడ లేకుంట, గేటు లేకుంట."

అతనికి నవ్వొచ్చింది. "ఏసీ హాలు ఇస్తమంటే మన్ను అడుగుతరేంది మేడం? మ్యాట్ మీద ఆడుతరు పిల్లలు, మోకాలు గీరుకపోవు. వానొచ్చినా ఫికర్ లేదు."

"హాలుకు తాళం ఉంటదా?"

"ఉండదా మరి?"

"తాళం ఎవలి తాన ఉంటది?"

"మెయింటెనెన్స్ కాంట్రాక్టర్ తాన ఉంటది" అన్నాడు.

"గదే" అన్నాను.

అప్పుడు అసలు మాట బయటపెట్టాడు. మంజూరైన నిధులు ఈ ఆర్థిక సంవత్సరంలో ఖర్చు కావాలి. అభ్యంతరాలు, కోర్టులు అని ఆలస్యమైతే వెనక్కి పోతాయి. అప్పుడు ఊరంతా ఏమంటుంది? ఒక్క ఇంటివాళ్లు అడ్డం పడి స్టేడియం రాకుండా చేశారంటుంది. "మేడం ఉన్నన్ని రోజులు ఇంత పరేషాన్ జెయ్యలే" అన్నాడు.

"ఆమె ఉంటే మీరు ఫొటో తియ్యకపోతుండె" అన్నాను. "నేను స్టేడియం వద్దంటలేను. కట్టుండ్రి. మా జాగ ఇడిసి కట్టుండ్రి."

అతను పోయాక చాలాసేపు భయంగానే ఉంది. నేను ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడిన మనిషిని కాను. గ్రంథాలయంలో నా ఉద్యోగమే నిశ్శబ్దం. కానీ ఆ పలక మాట నన్ను గట్టిపరిచింది. ఆమె గాజు ఏరిన నేలను తీసుకుని ఆమె పేరు తిరిగి ఇస్తామన్నారు. మాకు అక్కర్లేనిదాన్ని సన్మానం అన్నారు.

ప్రజాభిప్రాయం వినడానికి మున్సిపల్ హాల్లో సభ పెట్టారు. గోడ మీద పెద్ద తెర. కట్టబోయే ప్రాంగణం బొమ్మ చూపించారు. చక్కగా గీశారు. అందులో మనుషులు కూడా ఉన్నారు. తెల్లగా, పొడుగ్గా, చేతుల్లో కాగితం సంచులతో నడుస్తున్నారు. కరీంనగర్‌లో నేను అలాంటివాళ్లను చూడలేదు. తర్వాత, ఇప్పుడు ఉన్న స్థితి అని మా మైదానం ఫొటో వేశారు. ఇంకా కట్టని చోట అంత మంది ఉన్నారు, ఉన్న చోట ఎవరూ లేరు.

మా పిల్లలు ఆట బట్టల్లోనే వచ్చి వెనక వరసల్లో కూర్చున్నారు. ప్రశ్నలు అడగమనగానే పెద్ద పిల్ల లేచింది.

"సార్, గా హాల్ల ప్రోగ్రాం ఉంటె మేమేడ ఆడాలె?"

వేదిక మీది పెద్ద అధికారి, "ఎప్పుడో ఒకసారి ఉంటదమ్మా. సాంస్కృతిక కార్యక్రమాలు, ఎగ్జిబిషన్లు" అన్నాడు.

"గప్పుడు మేమేడ ఆడాలె?"

"గప్పుడు మీరు జర జరగాలె బిడ్డా. అందరి కోసం కడుతున్నం గదా."

"మా ఆటల కూసున్నోళ్లు జరిగితె ఫౌల్ సార్."

హాలంతా నవ్వింది. వేదిక మీదవాళ్లూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. కూర్చోనూ లేదు.

నా వంతు వచ్చింది. రాసుకుపోయిన కాగితం చదవలేకపోయాను, అద్దాలు ఇంట్లో మరిచాను. ఉన్న సంగతి చెప్పాను. ఆ ఫొటో నిజమే. ఆడే వేళకే తీశారు. ఆ మైదానాన్ని ఇన్నేళ్లు నడిపిన మనిషి చనిపోయిన మూడో రోజున తీశారు. పిల్లలు రాకపోవడానికి కారణం నేను. స్తంభాలు తీసి దాచింది కూడా చనిపోయిన మనిషి మీద ప్రేమతోనే. "మీరు రాసింది ఖాళీ అని. అది ఖాళీ గాదు, దుఃఖం" అనబోయి ఆగాను. అలాంటి మాట చెబితే చప్పట్లు కొడతారు, పని కాదు. "మళ్లీ రండి. ఐదూ యాభైకే రండి. చెప్పకుండా రండి. అప్పుడు ఏముంటే అది రాసుకోండి" అని కూర్చున్నాను.

పది రోజులు ఎవరూ రాలేదు. ఆ పది రోజులు నేను పొద్దున్నే పోయి తూర్పు వైపు కూర్చున్నాను. ఒక పిల్ల రాకపోతే చెప్పుల వరస మళ్లీ మళ్లీ లెక్కపెట్టేదాన్ని. రాత్రి పూట వాన పడితే, పొద్దున కోర్టు తడిసి ఎవరూ ఆడకపోతే, సరిగ్గా అప్పుడే వస్తారేమోనని భయం. పిల్లలకు ఆ భయం చెప్పలేదు. వాళ్లకూ తెలుసు. జ్వరంతో ఒక పిల్ల దుప్పటి కప్పుకుని వచ్చి కూర్చుంది. "ఆడను మేడం, ఊకె కనవడుత" అంది. ఇంటికి పంపాను.

పదకొండో పొద్దు ఇంజినీరు స్కూటరు మీద వచ్చాడు. ఒక్కడే. రోడ్డు మీద బండి ఆపి, చెప్పుల వరస దాకా వచ్చి నిలబడ్డాడు. నన్ను చూసి తల ఊపాడు. పిల్లలు ఆట ఆపలేదు. రెండో జట్టు కూర్చునేదాకా నిలబడి చూశాడు. ఫోను తీసి ఫొటో తీశాడు. వంగి చెప్పుల ఫొటో కూడా తీశాడు.

"ఫైల్ల పెడుతరా?" అని అడిగాను.

"పెట్టి చూస్త మేడం" అన్నాడు.

ఆ ఫొటోలు ఎంత పని చేశాయో నాకు తెలియదు. మరో రెండుసార్లు ఆఫీసుకు తిరిగాను. కార్పొరేటర్‌తో ఒకసారి వీధిలోనే వాదన అయింది. చివరికి సవరించిన నక్షా వచ్చింది. వాహనాలు నిలిపే చోటు రోడ్డు వైపుకు మారింది. ఖోఖో కోర్టు, దాని చుట్టూ ఉరికే జాగా ప్రాంగణం గోడకు బయట వదిలారు. గేటు లేదు. మిగతాది పోయింది. ముసలివాళ్లు పొద్దున నడిచే బాట పోయింది. పిల్లలు లాంగ్ జంప్ దూకే గుంత పోయింది. మేము అడిగినదంతా రాలేదు. వచ్చింది చిన్నది కాదు.

హాలు కట్టారు. రిబ్బను కత్తిరించిన రోజు మమ్మల్ని పిలిచారు, పోయాం. మ్యాట్ బాగుంది. అబద్ధం ఎందుకు. మా పిల్లలు జిల్లా పోటీలు అక్కడే ఆడారు, రెండుసార్లు గెలిచారు. నెలలో కొన్ని రోజులు ఎగ్జిబిషనో, పాటల కచేరీనో ఉంటుంది, అప్పుడు తాళం. ఆ రోజుల్లో కూడా మా పిల్లలు ఆడతారు, గోడకు ఇవతల, మన్నులో. హాలుకు ఎవరో పెద్దాయన పేరు పెట్టారు. గ్రానైట్ పలక మీద ఆ పేరు బంగారు రంగులో మెరుస్తుంది. నాకేమీ అభ్యంతరం లేదు.

ఇప్పుడు నేర్పేది ఆ పెద్ద పిల్లే. డిగ్రీ అయ్యాక వ్యాయామ విద్య చదివింది. ఒక ప్రైవేటు బడిలో పనిచేస్తుంది. పొద్దున మాత్రం ఇక్కడే. అక్కకన్నా గట్టిగా తిడుతుంది. నేను కూర్చుని పుస్తకం చదువుకుంటాను.

పోయిన వానాకాలంలో, జట్టులో ఆడే ఒక పిల్ల నాయన చనిపోయాడు. ఆటో నడిపేవాడు. మర్నాడు పొద్దున పిల్లలంతా వచ్చారుగానీ చెప్పులు విడవలేదు. రోడ్డు పక్కనే గుంపుగా నిలబడ్డారు. చిన్నపిల్లలలో ఒకతి నా దగ్గరికి వచ్చింది.

"పదకొండు దినాలు బంద్ వెడ్దామా మేడం?"

"వద్దు."

"ఆ పిల్లకు కోపమొస్తెనో?"

"కోపమొస్తే నా మీద రానియ్యి. పోయి కూసోండ్రి."

ఆడారు. ఆ పొద్దున ఎనిమిది మందికి ఏడుగురే ఉన్నారు. ఎనిమిదో చోటు వదిలి కూర్చున్నారు. ఆట ముగిశాక అందరూ కలిసి ఆ ఇంటికి పోయారు. నేనూ పోయాను. ఆ పిల్ల తల్లి మమ్మల్ని ఏమీ అనలేదు. ఆడి వచ్చారా అని మాత్రం అడిగింది. అవునన్నాం.

ఐదో రోజు ఆ పిల్ల వచ్చింది. రమ్మని ఎవరూ పిలవలేదు. తల దువ్వుకోలేదు. ముఖం ఉబ్బి ఉంది. తిన్నగా పోయి వరసలో తన చోట కూర్చుంది. తరుముతున్న పిల్ల ఒక క్షణం తటపటాయించి, ఆమె వెనక నిలబడి, వీపు తట్టి ఖో అంది. ఆ పిల్ల లేచి ఉరికింది. ఏడుస్తూనే ఉరికింది.

మా మైదానంలో చావుకు ఆట ఆపడం ఇప్పుడు లేదు.